పదకొండేళ్ల పరీక్ష, గ్రాంథమ్ గ్రామర్ స్కూళ్లు: సందేహాలు - సమాధానాలు

గ్రాంథమ్ ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ కౌంటీలో శనివారం సంత జరిగే చిన్న పట్టణం. అక్కడ మగపిల్లలకు కింగ్స్ స్కూల్, ఆడపిల్లలకు కెస్టీవెన్ అండ్ గ్రాంథమ్ గర్ల్స్ స్కూల్ అని రెండు ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లున్నాయి. వాటిలో చేరాలంటే ఇలెవెన్ ప్లస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దాని గురించి అక్కడి తెలుగు తల్లిదండ్రులు, ఇక్కడి అమ్మమ్మలు, తాతయ్యలు రాసిన ఉత్తరాల్లో ప్రశ్నలకన్నా బెంగే ఎక్కువగా కనిపించింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

సందేహం: మావారికి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైంది. బాబు ఇయర్ ఫైవ్. పక్కింటావిడ "ఇలెవెన్ ప్లస్‌కి పేరిచ్చారా?" అని అడిగేదాకా అలాంటి పరీక్ష ఒకటుందనే తెలీదు. ఆలస్యం చేసేశామా?
- ఒక తల్లి, గ్రాంథమ్

సమాధానం: లేదమ్మా, సమయం ఉంది. పరీక్ష ఇయర్ సిక్స్ మొదట్లో, సెప్టెంబరులో జరుగుతుంది. పేరు నమోదు మాత్రం అంతకుముందే ముగుస్తుంది కాబట్టి రేపు బాబును బడిలో దింపేటప్పుడు ఆఫీసులో ఆఖరి తేదీ అడిగి రాసుకోండి. ఒకవేళ తేదీ దాటిపోయిందంటే నేరుగా గ్రామర్ స్కూలుకే ఫోన్ చేసి, కొత్తగా వచ్చామని చెప్పండి. ఈ పరీక్ష రాయాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. రాయని పిల్లలకూ ప్రభుత్వ సెకండరీ స్కూల్లో సీటు ఉంటుంది.

సందేహం: మనవరాలు గ్రామర్ స్కూల్లో చేరితే ఏడాదికి ముప్ఫై లక్షలవుతుందని మా వీధిలో ఒకాయన అన్నారు. అమ్మాయీ అల్లుడూ మొహమాటపడి చెప్పడం లేదేమో. రెండెకరాలు అమ్మేద్దామా అనుకుంటున్నాను.
- ఒక అమ్మమ్మ, భీమవరం

సమాధానం: పొలం జోలికి వెళ్లకండి అమ్మమ్మగారూ. ప్రభుత్వ గ్రామర్ స్కూల్లో ఫీజు ఉండదు, పరీక్ష కూడా ఉచితమే. ఆయన విన్న లక్షలు ప్రైవేటు స్కూళ్లవి. మాంచెస్టర్ గ్రామర్ స్కూల్ లాంటి కొన్ని ప్రైవేటు స్కూళ్ల పేర్లలోనూ 'గ్రామర్' ఉండటంతో ఈ పొరపాటు చాలామందికి జరుగుతుంది. మీ అమ్మాయికి ఖర్చయ్యేది యూనిఫాం, బస్సు, మధ్యాహ్న భోజనం, అప్పుడప్పుడూ విహారయాత్రలకు. మనవరాలి కోటు కొనిపెడతానని మీరంటే వాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

సందేహం: మేం స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాం. వీసా షరతుల్లో "పబ్లిక్ ఫండ్స్ లేవు" అని ఉంది. పాపను ప్రభుత్వ స్కూల్లో చదివిస్తే తర్వాత వీసాకు అడ్డొస్తుందేమోనని భయం.
- ఒక తండ్రి, స్లీఫర్డ్

సమాధానం: అడ్డురాదు, నిశ్చింతగా ఉండండి. ఆ మాట వర్తించేది కొన్ని రకాల ప్రభుత్వ భృతులకు, ఇంటి సాయాలకు. బడి చదువు ఆ జాబితాలో లేదు. మీతోపాటు డిపెండెంటుగా వచ్చిన పాప గ్రామర్ అయినా, మామూలు సెకండరీ అయినా, ఏ ప్రభుత్వ స్కూలుకైనా దరఖాస్తు చేయవచ్చు.

సందేహం: మేం లెస్టర్‌లో ఉంటాం. ఇక్కడ గ్రామర్ స్కూళ్లు లేవు. గ్రాంథమ్‌లో ఉన్న మా చెల్లెలు "పిల్లాడి భవిష్యత్తు కోసం ఇల్లు మారండక్కా" అంటోంది. మారకపోతే వాడికి అన్యాయం చేసినట్టా?
- ఒక తల్లి, లెస్టర్

సమాధానం: ఏ అన్యాయమూ లేదు. 1944 విద్యా చట్టం తర్వాత దేశమంతటా పదకొండేళ్లకే పిల్లల్ని రెండు మూడు రకాల స్కూళ్లకు వేరుచేసేవారు. 1965 నుంచి చాలా కౌంటీలు ఆ పద్ధతి వదిలేసి పిల్లలందరినీ ఒకే రకం స్కూళ్లలో చేర్చుకోవడం మొదలుపెట్టాయి. లింకన్‌షైర్, కెంట్, బకింగమ్‌షైర్ వంటి కొన్ని మాత్రం వదల్లేదు. 1998 చట్టం కొత్త గ్రామర్ స్కూళ్లు పెట్టకూడదంది. ఇప్పుడు ఇంగ్లండ్ మొత్తం మీద ఉన్నవి 163. సెకండరీ చదువుతున్న ప్రతి వందమందిలో వాటిలో ఉండేది అయిదుగురే.

గ్రామర్ స్కూళ్ల ఫలితాలు మెరుగ్గా కనిపించడానికి ముఖ్య కారణం, అక్కడ చేరేది ముందే బాగా చదివే పిల్లలు కావడం. చేరేటప్పటికే ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకుని చూస్తే ఆ స్కూళ్లు మిగతావాటికన్నా మెరుగని చెప్పలేమని డరమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో తేల్చారు. నా అభిప్రాయం అడిగితే, పిల్లాడికి స్నేహితులుండి, మీ ఉద్యోగాలు స్థిమితంగా ఉన్న ఊరు వదలొద్దు.

సందేహం: ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పరీక్షలో వెర్బల్ రీజనింగ్ ఉంటుందట, అందుకని ఇకనుంచి ఇంగ్లిషే మాట్లాడాలని మావారు నియమం పెట్టారు. అప్పటినుంచి భోజనాల దగ్గర పిల్లాడు మాట్లాడటమే మానేశాడు.
- ఒక తల్లి, గ్రాంథమ్

సమాధానం: మీవారి తపన అర్థమవుతోంది, కానీ ఆ నియమం ఈ రాత్రికే ఎత్తేయండి. రెండు భాషలు కలిపి మాట్లాడటం, ఒక మాట తెలుగులో, ఒక మాట ఇంగ్లిషులో దొరకడం ఈ పిల్లలకు సహజం. కొత్త దేశంలో కొన్ని నెలలు బడిలో నోరు విప్పకపోవడమూ మామూలే. ఆ పరీక్షలో అడిగేది మాటల మధ్య సంబంధం: వ్యతిరేకార్థాలు, ఒకే కోవకు చెందని మాట, అక్షరాల సంకేతాలు. పొడుపుకథ విప్పే పిల్లాడికి ఆ ఆలోచన తెలుగులోనే అలవాటవుతుంది. ఇంగ్లిషు మాటలు కావాలంటే ఊళ్లోని లైబ్రరీలో ఉచితంగా పుస్తకాలిస్తారు, వాడికి నచ్చినవి వాణ్నే ఎంచుకోనివ్వండి. రెండు భాషల్లోనూ మాటలు తగ్గిపోతున్నా, వెనకనుంచి పిలిస్తే పలకకపోయినా మాత్రం జీపీ డాక్టరుకు చెప్పి వినికిడి పరీక్ష చేయించండి.

సందేహం: మా పాప ఆగస్టు 27న పుట్టింది. క్లాసులో అందరికన్నా చిన్నది. సెప్టెంబరులో పుట్టినవాళ్లకు దీనికీ దాదాపు ఏడాది తేడా. పోటీలో నిలబడుతుందా?
- ఒక తండ్రి, బోస్టన్, లింకన్‌షైర్

సమాధానం: ఆ తేడాను పరీక్షే లెక్కలోకి తీసుకుంటుంది. పిల్లలకు వచ్చిన మార్కులను వయసును బట్టి సరిచేసి స్కోరు ఇస్తారు. ఇద్దరికీ సమానంగా సరైన జవాబులు వస్తే చిన్నపాప స్కోరే కాస్త పైకి వెళ్తుంది. మీరు ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు, పుట్టినతేదీ సరిగా రాస్తే చాలు.

సందేహం: మా స్నేహితుల పిల్లలు ఇయర్ త్రీ నుంచే ట్యూషన్‌కి వెళ్తున్నారు, కొందరు వారానికి అయిదు రోజులు. మా అమ్మాయికి రోజుకు గంట కూర్చోబెట్టడమే కష్టంగా ఉంది. వెనకబడిపోతోందేమో.
- ఒక తల్లి, గ్రాంథమ్

సమాధానం: గంట కూర్చోవడమే తొమ్మిదేళ్ల పిల్లకు ఎక్కువమ్మా. మనలో చాలామంది ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో తెల్లవారుజామున లేచి చదివినవాళ్లం, లేదా అలా చదివినవాళ్ల పక్కన పెరిగినవాళ్లం. ఆ భయాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇంగ్లండ్ తీసుకెళ్లాం. లింకన్‌షైర్ పరీక్షలో రెండే పేపర్లు. ఒకటి మాటలతో, ఇంకొకటి బొమ్మలు, ఆకారాలతో. బట్టీ పట్టడానికి సిలబస్ లేదు. పేపరు తీరు అలవాటైతే మొదట్లో కాస్త స్కోరు పెరుగుతుంది, ఆ తర్వాత ఎన్ని గంటలు పెంచినా లాభం తగ్గుతూ పోతుంది.

నేర్పాల్సినది మాత్రం ఒకటుంది. ఇలాంటి పరీక్షల్లో తరచూ ప్రశ్నలు ఒక పుస్తకంలో ఉంటాయి, జవాబులు వేరే కాగితం మీద గుర్తించాలి. చిన్న గడిలో పెన్సిలుతో అడ్డంగా గీత గీయాలి. తెలియని ప్రశ్న వదిలేసి ముందుకెళ్లిన పిల్ల కాగితం మీద ఆ వరస వదలడం మర్చిపోతే, అక్కడినుంచి జవాబులన్నీ ఒక్కో వరస పైకి జరిగిపోతాయి. అన్నీ తెలిసిన పిల్లలకూ ఇది జరుగుతుంది. ప్రతి పది ప్రశ్నలకోసారి రెండు చోట్లా నంబరు సరిచూసుకోవడం అలవాటు చేయండి. జేఈఈలోలా తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి చివరి నిమిషంలో ఖాళీ గడులన్నీ నింపేయమని చెప్పండి. స్కూలు ఇచ్చే నమూనా ప్రశ్నలతో వారానికి మూడు నాలుగు సార్లు, అరగంట చొప్పున చాలు.

ఈ వయసు పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ట్యూషన్ దాన్ని తినేస్తోందంటే తగ్గించాల్సింది ట్యూషనే.

సందేహం: ప్రతి ఆదివారం మాక్ టెస్టు ముందు బాబుకు కడుపునొప్పి. టెస్టు అవగానే ఫుట్‌బాల్ ఆడుకుంటాడు. నటిస్తున్నాడని మా మామగారు అంటున్నారు.
- ఒక తల్లి, స్పాల్డింగ్

సమాధానం: నటన కాదమ్మా, నొప్పి నిజమే. ఆందోళన పిల్లల్లో తరచూ ముందు కడుపులోనే తెలుస్తుంది. టెస్టు అవగానే తగ్గి, ఆటలో పడితే కంగారు అక్కర్లేదు. రెండు వారాలు మాక్ టెస్టులు ఆపి చూడండి. సెలవు రోజుల్లోనూ నొప్పి వస్తున్నా, రాత్రి నొప్పితో లేస్తున్నా, బరువు తగ్గుతున్నా, బడికి వెళ్లనని మొండికేస్తున్నా జీపీకి చూపించండి. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట నోటివెంట వస్తే మాత్రం మర్నాటి వరకు ఆగొద్దు. 111కి ఫోన్ చేసి రెండో ఆప్షన్ నొక్కితే మానసిక ఆరోగ్య విభాగం వాళ్లు పలుకుతారు. ప్రాణాపాయం అనిపిస్తే 999. మామగారికి నా మాటగా చెప్పండి: ఆదివారం పొద్దున ఆయన మనవణ్ని అలా నడకకు తీసుకెళ్తే మందుకన్నా మేలు చేస్తుంది.

సందేహం: మా అబ్బాయికి డిస్లెక్సియా ఉంది. చెబితే పరీక్ష రాయనివ్వరేమోనని దాచాం.
- ఒక తండ్రి, లింకన్

సమాధానం: చెప్పండి, చెబితేనే మేలు. ఆధారాలు చూపిస్తే అదనపు సమయం, పెద్ద అక్షరాల పేపరు వంటి వెసులుబాట్లు చట్టప్రకారం పరిశీలించాలి. పరీక్ష రోజు అడిగితే కుదరదు. పేరు నమోదు చేసేటప్పుడే రాసి, ప్రైమరీ టీచరు నివేదిక జతచేయండి.

సందేహం: గ్రాంథమ్‌లో మా కుటుంబ స్నేహితులున్నారు. మా అబ్బాయిని వాళ్లింటికి పంపి, ఆ అడ్రసుతో పరీక్ష రాయిద్దామని ఆలోచన. ఇందులో తప్పేమైనా ఉందా?
- ఒక తండ్రి, హైదరాబాద్

సమాధానం: బిడ్డకు మంచి చదువు కావాలన్న కోరికలో తప్పు లేదు, కానీ ఈ దారి వద్దు. విజిటర్ వీసా మీద వెళ్లిన పిల్లలు ప్రభుత్వ స్కూల్లో చేరలేరు. అడ్రసు పిల్లాడు నిజంగా నివసించేది కాకపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారు. దగ్గరి బంధువులు కానివారి ఇంట్లో పదహారేళ్లలోపు పిల్లాడు 28 రోజులు, అంతకు మించి ఉంటే కౌన్సిల్‌కు తెలియజేయడం కూడా తప్పనిసరి. అన్నిటికీ మించి, పదేళ్లవాడికి ఇప్పుడు కావాల్సింది మీరు పక్కన ఉండటం.

సందేహం: పాప పాసైంది! కానీ "పాసైతే సీటు వచ్చినట్టు కాదు" అంటున్నారు. దరఖాస్తులో గ్రామర్ ఒక్కటే రాస్తేనే ఇస్తారని ఒకరు, మొదట రాస్తేనే ఇస్తారని ఇంకొకరు. అక్టోబరు 31 దగ్గరకొచ్చేసింది.
- ఒక తల్లి, గ్రాంథమ్

సమాధానం: ముందు పాపకు నా అభినందనలు చెప్పండి. అర్హుల సంఖ్య సీట్లకన్నా ఎక్కువైతే ఆ స్కూలు ముందే ప్రకటించిన నిబంధనల ప్రకారం, తరచూ ఇంటి దూరాన్ని బట్టి, సీట్లు ఇస్తారు. మీరు దాన్ని ఎన్నో స్థానంలో రాశారన్నది స్కూలుకు తెలియదు, సీటు ఇవ్వడానికి అదొక కారణం కూడా కాదు. మీకు నిజంగా ఇష్టమైన వరసలోనే రాయండి. కనీసం మూడు స్కూళ్లు రాసే హక్కు మీకుంది, అందులో పరీక్ష లేని దగ్గరి స్కూలు ఒకటి తప్పకుండా ఉండాలి. ఒక్క గ్రామరే రాసి అది రాకపోతే, ఖాళీ ఉన్న ఎక్కడో దూరపు స్కూలు ఇవ్వవచ్చు. భయపడాల్సింది ఈ ఒక్క విషయానికే. ఫలితం మార్చి 1న, ఆ రోజు సెలవైతే తర్వాతి పనిరోజున.

సందేహం: 220 రావాలి, మావాడికి 216. నాలుగు మార్కులు! గదిలోంచి బయటికి రావడం లేదు. వాట్సాప్‌లో చుట్టాలంతా అడుగుతున్నారు. అప్పీలు చేయాలా? ఎక్కడ తప్పు చేశాం?
- ఒక తండ్రి, గ్రాంథమ్

సమాధానం: మీరూ తప్పు చేయలేదు, వాడూ చేయలేదు. ఈ స్కోరు వందకు ఇన్ని అని వేసే మార్కు కాదు. ఒక్కో పేపరులో సగటు పిల్లల స్కోరు వంద దగ్గర ఉండేలా లెక్కకడతారు. అంటే రెండు పేపర్లకూ కలిపి 216 తెచ్చుకున్న పిల్లాడు సగటుకన్నా బాగా పైనున్నాడు. గీత ఎక్కడో ఒకచోట గియ్యక తప్పదు. దానికి ఆ వైపు నాలుగు, ఈ వైపు నాలుగు మార్కుల దూరంలో నిలబడ్డ పిల్లల మధ్య తెలివిలో తేడా ఉందని ఏ టీచరూ చెప్పలేరు.

అప్పీలు మీ హక్కు. అయితే దాని వేళ ఇది కాదు. మార్చిలో సీటు లేదన్న జవాబు వచ్చాకే అప్పీలు చేయగలరు, అదీ దరఖాస్తులో ఆ స్కూలు పేరు రాసి ఉంటేనే. అందుకని అక్టోబరు 31లోపు ఆ పేరు రాయండి, దానితోపాటు మీకు నచ్చిన మామూలు స్కూలూ రాయండి. అప్పీలుకు కనీసం 20 బడి రోజుల గడువు ఇస్తారు. వినేది స్కూలుతో సంబంధం లేని స్వతంత్ర ప్యానెల్. కన్నీళ్లకన్నా వాళ్లకు కాగితాలు ముఖ్యం: ప్రైమరీ స్కూలు రిపోర్టులు, హెడ్‌టీచరు లేఖ, పరీక్ష రోజు జ్వరమో, ఇంట్లో విషాదమో ఉంటే దానికి ఆధారం. "నాలుగు మార్కులే కదా" అన్న వాదన ఒక్కటే నిలవదు, ఎందుకంటే అప్పీలుకు వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది అదే.

ఇంకో తలుపు పదహారేళ్లకు తెరుచుకుంటుంది. జీసీఎస్‌ఈ పరీక్షల మార్కులు చూసి చాలా గ్రామర్ స్కూళ్లు సిక్స్త్ ఫారమ్ అనే ఆఖరి రెండేళ్ల చదువుకు బయటి పిల్లలనూ తీసుకుంటాయి. అప్పుడు ఈ 216ను ఎవరూ అడగరు.

ఈ రాత్రికి చేయాల్సింది వేరు. వాట్సాప్‌లో "బాగా రాశాడు, స్కూలు తర్వాత చెబుతాం" అని ఒక్క ముక్క పెట్టి ఫోను పక్కన పడేయండి. గది తలుపు తట్టి, పరీక్ష మాటెత్తకుండా వాడి పక్కన కూర్చోండి. వారం పది రోజులు ఏడవడం, చిరాకుపడటం మామూలే. అది దాటినా తిండి, నిద్ర, ఆట మీద ధ్యాస తిరిగి రాకపోతే క్లాసు టీచరుకూ జీపీకీ చెప్పండి.

సందేహం: మాకు కవల ఆడపిల్లలు. ఒకతి పాసైంది, ఒకతికి రెండు మార్కులు తగ్గాయి. పాసైనది "అక్క రాకపోతే నేనూ వెళ్లను" అంటోంది.
- ఒక తల్లి, బోర్న్

సమాధానం: మనసు చివుక్కుమనే ఉత్తరం ఇది. ఆ మాట పిల్ల ప్రేమతో అన్నది, నిర్ణయం మాత్రం దాని నెత్తిన పెట్టొద్దు. ఇద్దరినీ రెండు స్కూళ్లూ చూడటానికి తీసుకెళ్లండి, ఎవరికేది నచ్చిందో విడివిడిగా అడగండి. వేరే స్కూళ్లకు వెళ్లిన కవలలు కొన్నాళ్లు బెంగపడి, ఆపైన ఎవరి స్నేహితులను వాళ్లు చూసుకోవడం మామూలే. ఇంటికొచ్చే బంధువుల ముందు "ఇది గ్రామర్, అది మామూలు" అన్న పరిచయం మాత్రం ఒక్కసారి కూడా జరగనివ్వకండి. అది పిల్లలు మర్చిపోరు.

సందేహం: మా మనవడు చేరిన కింగ్స్ స్కూల్లోనే న్యూటన్ చదివాడట. గర్వంగా ఉంది. కానీ ఫోన్ చేసినప్పుడల్లా న్యూటన్ పేరెత్తుతుంటే వాడు ఫోను వాళ్లమ్మకిచ్చేస్తున్నాడు.
- ఒక తాతయ్య, తెనాలి

సమాధానం: గర్వపడాల్సిన సంగతే తాతగారూ. న్యూటన్ 1655లో, పన్నెండేళ్లప్పుడు, ఆ బడిలో చేరాడు. క్లార్క్ అనే మందుల వ్యాపారి ఇంట్లో ఉండి చదువుకున్నాడు. పాత బడి గది కిటికీ గట్టు మీద చెక్కిన ఆయన పేరు ఇప్పటికీ ఉంది. కానీ మనవడికి మిగతా కథ కూడా చెప్పండి. మొదట్లో ఆయన చదువులో వెనకబడ్డాడని జీవితచరిత్రకారులు రాశారు. మధ్యలో తల్లి బడి మాన్పించి వ్యవసాయంలో పెట్టింది. హెడ్‌మాస్టరు స్టోక్స్ పట్టుబట్టి వెనక్కి పిలిపించాకే 1661లో కేంబ్రిడ్జ్ చేరాడు. ఆ కథ వింటే పిల్లాడికి ఊపిరాడుతుంది. ఈసారి ఫోన్‌లో ముందు వాడి ఫుట్‌బాల్ సంగతి అడిగి చూడండి.

సందేహం: ప్రైమరీలో ఎప్పుడూ ముందుండే మా అమ్మాయి గ్రామర్‌లో చేరి అయిదు వారాలైంది. లెక్కల టెస్టులో క్లాసులో కింది సగంలో ఉంది. మొన్న పీఈ బ్యాగు బస్సులో మర్చిపోయింది. పైగా టిఫిన్ డబ్బాలో పులిహోర చూసి ఎవరో వెక్కిరించారట, ఇప్పుడు శాండ్‌విచ్ పెట్టమంటోంది.
- ఒక తల్లి, గ్రాంథమ్

సమాధానం: అన్ని స్కూళ్లలో ముందున్నవాళ్లంతా ఒకే గదిలో కూర్చున్నారు కాబట్టి సగంమంది కింది సగంలో ఉండక తప్పదు. మీ అమ్మాయి తెలివి తగ్గలేదు. మొదటి టర్మ్‌లో వస్తువులు పోగొట్టుకోవడం, గదులు వెతుక్కోవడం, ఇంటికి రాగానే సోఫాలో నిద్రపోవడం ఇయర్ సెవెన్ పిల్లలందరికీ ఉండేవే. బ్యాగు ముందురోజు రాత్రే సర్దుకునేలా టైంటేబులు తలుపుకు అంటించండి.

పులిహోర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని రేపే బడికి పరుగెత్తనూ వద్దు. ఒకసారి ఎవరో ముఖం చిట్లించడం వేరు, అదే పిల్లలు మళ్లీ మళ్లీ తిండినీ రంగునూ పేరునూ పట్టుకుని ఏడిపించడం వేరు. మొదటిదైతే అమ్మాయి అడిగిన శాండ్‌విచ్ పెట్టండి, పులిహోర సాయంత్రం ఇంట్లో తింటుంది. రెండోదైతే ఏ రోజు ఎవరు ఏమన్నారో రాసి పెట్టి ఫారమ్ ట్యూటర్‌కు ఈమెయిలు పంపండి. ఏడిపింపులను అడ్డుకోవడం ప్రతి ప్రభుత్వ స్కూలుకూ చట్టం పెట్టిన బాధ్యత. హాఫ్ టర్మ్ సెలవులు దాటి మూడు నాలుగు వారాలైనా పక్కన కూర్చునే ఒక్క స్నేహితురాలి పేరు కూడా అమ్మాయి నోట వినపడకపోతే, రాసిపెట్టినవి ఏమీ లేకపోయినా సరే, ఆ ట్యూటర్‌కు ఫోన్ చేయండి.